గొడవ లేని రోజే అసలు పని రోజు

2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ సంస్థలో ఒక ఇంజినీరు రాత్రి పొద్దుపోయేదాకా డేటాబేస్ సర్వర్లతో కుస్తీ పడుతున్నాడు. స్పామ్ తాకిడికి లోడు పెరిగింది. ప్రధాన డేటాబేస్‌కు నకలుగా నడవాల్సిన రెండో సర్వర్ వెనకబడిపోయింది. దాన్ని మొదటి నుంచి నింపాలంటే అందులోని పాత ఫైళ్లు ముందు తీసేయాలి. ఆయన తుడిచేసే కమాండ్ కొట్టాడు. ఒకటి రెండు సెకన్లలోనే తానున్నది రెండో సర్వర్‌లో కాదు, ప్రధాన సర్వర్‌లోనే అని గమనించి ఆపేశాడు. అప్పటికే సుమారు 300 జీబీ డేటాలో 4.5 జీబీ మాత్రమే మిగిలింది.

సరే, బ్యాకప్ ఉందిగా అని వెతికారు. రోజూ తీస్తున్న డేటాబేస్ బ్యాకప్ ఉండాల్సిన చోట ఏమీ లేదు. డేటాబేస్ ఒక వెర్షన్‌ది, బ్యాకప్ తీసే టూల్ అంతకంటే పాత వెర్షన్‌ది కావడంతో ఆ పని ప్రతిసారీ ఫెయిలవుతూ వచ్చింది. ఫెయిలైందని చెప్పే ఈమెయిళ్లు వెళ్లేవి కానీ, మెయిల్ సర్వర్ వాటిని తిప్పికొట్టేది. క్లౌడ్‌లో డిస్కు స్నాప్‌షాట్ల సదుపాయం ఉన్నా డేటాబేస్ సర్వర్లకు దాన్ని ఆన్ చేయలేదు. చివరికి, ప్రమాదానికి ఆరు గంటల ముందు అదే ఇంజినీరు వేరే పని కోసం చేత్తో తీసిన ఒక స్నాప్‌షాట్ ఆదుకుంది. సైటు మళ్లీ లేచేసరికి దాదాపు 18 గంటలు పట్టింది. ఆ ఆరు గంటల్లో జనం సృష్టించిన దాదాపు 5,000 ప్రాజెక్టుల వివరాలు, 5,000 కామెంట్లు, 700 కొత్త ఖాతాలు పోయాయి.

గిట్‌ల్యాబ్ ఈ సంగతి దాచలేదు. డేటా వెనక్కి తెచ్చే పనిని యూట్యూబ్‌లో ప్రత్యక్షంగా చూపించింది, ఏం జరిగిందో పూసగుచ్చినట్టు రాసి అందరి ముందూ పెట్టింది. అది చదివితే ఒక విషయం తేటతెల్లమవుతుంది. బ్యాకప్ ఆ రాత్రి చెడిపోలేదు. ఎవరికీ ఏ ఇబ్బందీ లేని రోజుల్లో, అంతా సవ్యంగా నడుస్తోందని అందరూ నిశ్చింతగా ఉన్న రోజుల్లో చెడిపోయింది. ఆ రాత్రి జరిగిందల్లా అది బయటపడడమే.

ఈ అధ్యాయం సారమంతా అదే. సర్వర్ నిర్వహణలో అసలు పని ఏ గొడవా లేని రోజున జరగాలి. కష్టం వచ్చిన రాత్రి మన చేతికందేది, అంతకుముందు మనం పరీక్షించి పెట్టుకున్నది మాత్రమే. మీరు అమీర్‌పేటలో లినక్స్ కోర్సు చేసి మొదటి ఉద్యోగంలో నైట్ షిఫ్టు చేస్తూ ఉండవచ్చు. జిల్లా కేంద్రంలోని ఆస్పత్రిలోనో ఇంజినీరింగ్ కాలేజీలోనో రెండు మూడు సర్వర్లను ఒంటిచేత్తో చూసుకుంటూ ఉండవచ్చు. సర్వర్లు ఎన్నున్నా ఈ అలవాట్లు అవే.

1. మీ దగ్గర ఏముందో ముందు రాయండి

2017 మార్చిలో అపాచీ స్ట్రట్స్ అనే సాఫ్ట్‌వేర్‌లో పెద్ద లోపం బయటపడింది. మార్చి 7న దానికి ప్యాచ్ వచ్చింది. అమెరికాలో పౌరుల రుణ వివరాలు భద్రపరిచే ఈక్విఫ్యాక్స్ సంస్థలో 48 గంటల్లో ప్యాచ్ వేయాలని ఆదేశం కూడా వెళ్లింది. కానీ ఆ సాఫ్ట్‌వేర్ ఎక్కడెక్కడ నడుస్తోందో చెప్పే సరైన జాబితా వాళ్ల దగ్గర లేదు. స్కాన్ చేశారు, అదీ పట్టుకోలేదు. మే నెలలో దొంగలు లోపలికి చొరబడ్డారు. జులై 29 దాకా ఎవరికీ తెలియలేదు. దాదాపు 14.7 కోట్ల మంది వివరాలు బయటికి పోయాయి. నెట్‌వర్క్ ట్రాఫిక్‌ను తనిఖీ చేయాల్సిన పరికరంలో సర్టిఫికెట్ గడువు నెలల క్రితమే తీరిపోవడంతో అదీ ఏమీ చూడలేకపోయింది.

ఉందని తెలియనిదాన్ని ఎవరూ కాపాడలేరు. కాబట్టి మొదటి పని ఒక జాబితా. స్ప్రెడ్‌షీట్ చాలు, ఖరీదైన సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. ఒక్కో సర్వర్‌కు ఒక వరుస పెట్టండి. దాని పేరు, ఐపీ అడ్రస్, ఎక్కడుంది, ఏ ఆపరేటింగ్ సిస్టమ్, ఏ వెర్షన్, ఏ పని చేస్తోంది, అది ఆగితే ఎవరికి ఇబ్బంది, బాధ్యుడెవరు, బ్యాకప్ ఎక్కడికి వెళ్తోంది, సర్టిఫికెట్ గడువు ఎప్పుడు, ఆపరేటింగ్ సిస్టమ్‌కు భద్రతా అప్‌డేట్లు ఎప్పటిదాకా వస్తాయి. ఇవన్నీ నింపుతూ పోతే కొన్ని గడులు ఖాళీగా మిగులుతాయి. అవే మీ తర్వాతి పనుల చిట్టా. ‘అది ఎవరిదో తెలియదు, ఎప్పటి నుంచో ఉంది’ అని అందరూ చెప్పే సర్వర్ ఒకటైనా దొరుకుతుంది. ముందు దాని సంగతి చూడండి.

2. బ్యాకప్ తీయడం సగం పనే

రైతు విత్తే ముందు నూరు గింజలు తడి గోనెపట్టాలో చుట్టి పెడతాడు. కొన్ని రోజులకు విప్పి ఎన్ని మొలిచాయో లెక్కపెడతాడు. గింజ పైకి నిగనిగలాడుతోందని పొలంలో చల్లేయడు. బ్యాకప్ సంగతీ అంతే. ‘బ్యాకప్ సక్సెస్’ అని తెరమీద కనిపించే పచ్చరంగు సందేశం గింజ పైమెరుపు మాత్రమే. దాన్ని వేరే సర్వర్‌లో రీస్టోర్ చేసి, అప్లికేషన్ తెరిచి, నిన్నటి రికార్డు ఒకటి కళ్లతో చూస్తేనే అది మొలిచినట్టు.

అందరూ ఒప్పుకొనే 3-2-1 సూత్రాన్ని ఫొటోగ్రాఫర్ పీటర్ క్రోగ్ ప్రచారంలోకి తెచ్చారు. డేటాకు మూడు ప్రతులు ఉండాలి, అవి రెండు రకాల మాధ్యమాల మీద ఉండాలి, అందులో ఒకటి వేరే ప్రాంతంలో ఉండాలి. ఆ చివరి ఒకటి ఎంత ముఖ్యమో 2021 మార్చి 10న ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో తెలిసింది. ఓవీహెచ్ సంస్థకు చెందిన డేటా సెంటర్ భవనం ఒకటి అగ్నికి పూర్తిగా ఆహుతైంది. పక్క భవనమూ కొంత కాలిపోయింది. బ్యాకప్‌ను కూడా అదే ఆవరణలో ఉంచుకున్నవాళ్లకు డేటాతో పాటు బ్యాకప్పూ పోయింది.

ఇక్కడ రెండు అపోహలు తొలగించుకోవాలి. మొదటిది రెయిడ్ గురించి. ఒక డిస్కు పోతే రెయిడ్ ఆదుకుంటుంది, నిజమే. కానీ మీరు పొరపాటున ఒక ఫైలు చెరిపితే అన్ని డిస్కుల్లోనూ ఆ క్షణమే చెరిపేస్తుంది. అందుకే అది బ్యాకప్‌కు సాటి రాదు. రెండో సర్వర్‌కు నిరంతరం నకలయ్యే రెప్లికేషన్‌కూ ఇదే వర్తిస్తుంది. రెండో అపోహ, నెట్‌వర్క్‌లో ఎప్పుడూ కనెక్టయి ఉండే బ్యాకప్ డ్రైవ్ భద్రమని. 2022 నవంబరు 23న ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్ల మీద రాన్సమ్‌వేర్ దాడి జరిగింది. దాదాపు రెండు వారాలు ఓపీ, అడ్మిషన్లు, ల్యాబ్ రిపోర్టులు కాగితాల మీద నడపాల్సి వచ్చింది. రాన్సమ్‌వేర్ లోపలికి వస్తే ముందుగా వెతికేవాటిలో బ్యాకప్ ఒకటి. అందుకే ఒక ప్రతి నెట్‌వర్క్‌కు అందకుండా ఉండాలి, లేదా నిర్ణీత కాలం దాకా ఎవరూ చెరపలేని విధంగా లాక్ చేసి ఉండాలి. సర్వర్‌కు బ్యాకప్‌ను రాసే అనుమతి ఇవ్వండి, చెరిపే అనుమతి ఇవ్వకండి.

రీస్టోర్ చేసి చూసేటప్పుడు గడియారం పెట్టుకోండి. ఎంతసేపు పట్టిందో రాసుకోండి. నాలుగు గంటలు పట్టిందనుకోండి, అప్పుడు మీ పై అధికారికి ముందే చెప్పవచ్చు: ‘సార్, ఈ సర్వర్ పోతే తిరిగి లేవడానికి నాలుగు గంటలు, పోయే డేటా గరిష్ఠంగా ఒక రోజుది. ఇది సరిపోదంటే ఇంత ఖర్చవుతుంది.’ ఈ సంభాషణ ప్రశాంతమైన రోజున జరిగితే బడ్జెట్ వస్తుంది. ప్రమాదం జరిగాక అయితే సంజాయిషీ అడుగుతారు.

3. అప్‌డేట్లకు ఒక తేదీ పెట్టుకోండి

2017 మే 12న వానాక్రై అనే రాన్సమ్‌వేర్ ప్రపంచాన్ని వణికించింది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖలోని కొన్ని కంప్యూటర్లకూ అది సోకింది. అది వాడుకున్న విండోస్ లోపానికి మైక్రోసాఫ్ట్ మార్చి 14నే ప్యాచ్ ఇచ్చింది. అప్పటికి మద్దతు ఉన్న విండోస్ వెర్షన్లు వాడేవాళ్లకు దాదాపు రెండు నెలల సమయం దొరికింది. ఆ సమయాన్ని వాడుకున్నవాళ్లు బయటపడ్డారు.

అలాగని వచ్చిందే తడవుగా అన్ని సర్వర్లకూ ఒకేసారి వేసేయడమూ ప్రమాదమే. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ సంస్థ పంపిన ఒక లోపభూయిష్ఠమైన అప్‌డేట్‌తో దాదాపు 85 లక్షల విండోస్ యంత్రాలు నీలి తెర చూపి ఆగిపోయాయి. ఆ రోజు హైదరాబాద్ విమానాశ్రయంలో ప్రయాణికులకు చేతితో రాసిన బోర్డింగ్ పాసులిచ్చారు. ఆ అప్‌డేట్ ముందుగా కొద్ది యంత్రాలకే వెళ్లి, కాసేపు ఆగి, తర్వాత మిగతావాటికి వెళ్లి ఉంటే నష్టం ఆ కొద్దిమందితోనే ఆగేది.

ఈ రెండు సంఘటనల మధ్య దారి ఒకటుంది. నెలకో తేదీ పెట్టుకోండి. ముందు టెస్ట్ సర్వర్‌లో, తర్వాత పెద్దగా ఇబ్బంది లేని ఒక సర్వర్‌లో, రెండు మూడు రోజులు చూశాక మిగతావాటిలో వేయండి. ఇప్పటికే దాడులు మొదలైన లోపమైతే నెల తేదీ కోసం ఆగవద్దు, అదే రోజు అదే క్రమంలో వేగంగా వెళ్లండి. అన్ని సర్వర్లకూ మార్పు చేరిందో లేదో చివర్లో ఒక్కొక్కటిగా సరిచూడండి. 2012 ఆగస్టు 1న అమెరికాలోని నైట్ క్యాపిటల్ అనే షేర్ల వ్యాపార సంస్థ ఎనిమిది సర్వర్లలో ఏడింటికే కొత్త కోడ్ ఎక్కించింది. ఎనిమిదో దానిలోని పాత కోడ్ మేల్కొని 45 నిమిషాల్లో 46 కోట్ల డాలర్లకు పైగా నష్టం తెచ్చింది. యాన్సిబుల్ లాంటి టూల్‌తో సెట్టింగులన్నీ ఒకే చోట రాసి అన్ని సర్వర్లకూ పంపడం నేర్చుకోండి. మనిషి ఒకటి మర్చిపోతాడు, స్క్రిప్టు మర్చిపోదు. ఏ సర్వర్‌లోనైనా ఫెయిలైతే లాగ్‌లో ఆ సంగతి కనిపిస్తుంది.

మరో మాట. ‘మా సర్వర్ మూడేళ్లుగా రీబూట్ కాలేదు’ అని గర్వంగా చెప్పేవాళ్లు ఎదురవుతుంటారు. లైవ్ ప్యాచింగ్ లేని సర్వర్‌లో కెర్నల్ అప్‌డేట్లు వేసినా రీబూట్ చేయకపోతే పాత కెర్నలే నడుస్తూ ఉంటుంది. పైగా ఈ మూడేళ్లలో ఎవరెవరో మార్చిన సెట్టింగుల్లో ఏది బూట్ కాకుండా అడ్డుపడుతుందో ఎవరికీ తెలియదు. ఎఫ్‌ఎస్‌ట్యాబ్ ఫైలులో ఒక తప్పు వరుస చాలు, సర్వర్ ఎమర్జెన్సీ మోడ్‌లో ఆగిపోవడానికి. కరెంటు పోయి యూపీఎస్ చేతులెత్తేసిన రాత్రి అది తెలుసుకోవడం కంటే, మీరు ఎదురుగా ఉన్న ఆదివారం ఉదయం మీ చేత్తో రీబూట్ చేసి తెలుసుకోవడం ఎంతో మేలు.

4. లోపలికి ఎవరు రావచ్చు?

కొత్త సర్వర్‌ను ఇంటర్నెట్‌కు కలిపి లాగ్ తెరిచి చూడండి. కాసేపట్లోనే ఎక్కడెక్కడి నుంచో రూట్, అడ్మిన్, టెస్ట్ లాంటి పేర్లతో పాస్‌వర్డులు ప్రయత్నించడం కనిపిస్తుంది. వాటి వెనక మీ మీద పగబట్టినవాళ్లు ఎవరూ లేరు, కనిపించిన ప్రతి అడ్రస్‌నూ తట్టే స్క్రిప్టులవి. అందుకే ఎస్‌ఎస్‌హెచ్‌లో పాస్‌వర్డ్ లాగిన్ మూసేసి కీలతో మాత్రమే రానివ్వండి. రూట్ నేరుగా లాగిన్ కాకూడదు. ఎవరి ఖాతాతో వాళ్లు వచ్చి, అవసరమైన పనికే సుడో వాడాలి. అప్పుడే ఎవరు ఏం చేశారో లాగ్ చెబుతుంది. డేటాబేస్ పోర్టు ఇంటర్నెట్‌కు తెరిచి ఉండాల్సిన అవసరం దాదాపు ఎప్పుడూ ఉండదు. ఉద్యోగం మానేసిన వ్యక్తి కీలు, ఖాతాలు అదే రోజు తీసేయాలి.

ఈ మార్పులు చేసేటప్పుడే మనవాళ్లు తమను తామే బయట పెట్టుకొని తాళం వేసుకుంటారు. దానికో పద్ధతి ఉంది. ఎస్‌ఎస్‌హెచ్ సెట్టింగు మార్చే ముందు పాత ఫైలుకు ఒక నకలు తీయండి. మార్చాక, సర్వీసు రీలోడ్ చేయకముందే, ఎస్‌ఎస్‌హెచ్‌డీ మైనస్ టీ కమాండ్‌తో తప్పులేమైనా ఉన్నాయా చూడండి. రీలోడ్ చేశాక ఇప్పుడున్న విండో మూయవద్దు. ఇంకో విండో తెరిచి కొత్తగా లాగిన్ కండి. అది పనిచేసింది, సుడో కూడా వచ్చింది అని తేలాకే పాతది మూయండి. ఫైర్‌వాల్ విషయంలో మరో జాగ్రత్త తీసుకోండి. పది నిమిషాల తర్వాత పాత నిబంధనలే మళ్లీ అమల్లోకి వచ్చేలా ముందే షెడ్యూల్ చేసి, తర్వాత మార్పు చేయండి. అంతా సవ్యంగా ఉంటే షెడ్యూల్ రద్దు చేస్తారు. లేకపోతే పది నిమిషాలు ఓపిక పడితే దారి దానంతటదే తెరుచుకుంటుంది.

నెట్‌వర్కే పోతే సర్వర్‌ను చేరే రెండో దారి కూడా ఉండాలి. 2021 అక్టోబరు 4న ఫేస్‌బుక్ తన నెట్‌వర్క్ మార్పు ఒకటి వికటించి దాదాపు ఆరు గంటలు మూగబోయింది. సరిచేయాల్సిన ఇంజినీర్లు వాడే దారులు కూడా అదే నెట్‌వర్క్ మీద ఆధారపడడంతో, డేటా సెంటర్లకు మనుషులు వెళ్లాల్సి వచ్చింది. మీకున్న క్లౌడ్ కన్సోల్‌నో, సర్వర్‌లోని రిమోట్ మేనేజ్‌మెంట్ పోర్టునో ఈ వారమే ఒకసారి తెరిచి చూడండి. దాని పాస్‌వర్డ్ మీ దగ్గర నిజంగా ఉందా?

5. నిండకముందే చూడండి

సర్వర్లు ఆగిపోవడానికి అతి మామూలు కారణం డిస్కు నిండిపోవడం. ఒక సందర్భాన్ని దగ్గరగా చూద్దాం. రాత్రి రెండు గంటలకు సైటు ఆగింది. డీఎఫ్ మైనస్ హెచ్ కొడితే డిస్కు నూటికి నూరు శాతం. డీయూ కమాండ్‌తో వెతికితే 40 జీబీ లాగ్ ఫైలు ఒకటి దొరికింది. హమ్మయ్య అని ఆర్‌ఎం కొట్టేస్తారు. మళ్లీ డీఎఫ్ చూస్తే ఇంకా నూరు శాతమే! కారణమేమిటంటే, ఆ ఫైలును అప్లికేషన్ ఇంకా తెరిచి పట్టుకొని ఉంది. పేరు చెరిగింది కానీ, పట్టుకున్న ప్రోగ్రాము వదిలేదాకా కెర్నల్ ఆ జాగాను ఖాళీ చేయదు. ఎల్‌ఎస్‌ఓఎఫ్ కమాండ్‌తో చూస్తే చెరిపేసినా తెరిచే ఉన్న ఫైళ్లు కనిపిస్తాయి. ఆ సర్వీసును రీస్టార్ట్ చేస్తే జాగా తిరిగొస్తుంది. అసలు అలాంటప్పుడు ఫైలును చెరపకుండా ట్రంకేట్ కమాండ్‌తో సున్నా సైజుకు కుదించడం మేలు. ఇంకోసారి డిస్కులో జాగా సగం మిగిలే ఉంటుంది, అయినా కొత్త ఫైలు రాయలేనంటుంది. అప్పుడు డీఎఫ్ మైనస్ ఐ చూడండి. లక్షలాది చిన్న ఫైళ్లు పేరుకుపోయి ఐనోడ్లు అయిపోయి ఉంటాయి.

ఇదంతా తెలిసి ఉండడం మంచిదే. కానీ లాగ్‌రొటేట్ సరిగ్గా పెట్టి, డిస్కు 80 శాతానికి రాగానే పగటిపూట కబురందేలా చేసుకుంటే ఆ రాత్రి మీరు నిద్రపోయేవారు. డిస్కు, మెమరీ, లోడు, బ్యాకప్ వయసు, సర్టిఫికెట్ గడువు, బయటి నుంచి సైటు తెరుచుకుంటోందా లేదా. మొదట ఈ ఆరింటికి అలర్టులు చాలు. ప్రతిదానికీ అలర్టు పెడితే కొన్నాళ్లకు ఏదీ చూడరు. మీరు లేచి ఏదో ఒక పని చేయాల్సిన అవసరం ఉంటేనే ఫోన్ మోగాలి, మిగతావి ఉదయం చూసుకొనే జాబితాలోకి పోవాలి. గిట్‌ల్యాబ్‌లో జరిగింది గుర్తుంచుకొని, ‘ఫెయిలైతే చెప్పు’ అనే ఏర్పాటుతో ఆగకండి. ‘బ్యాకప్ పూర్తయిందని 26 గంటలుగా కబురు రాకపోతే అలర్టు ఇవ్వు’ అని పెట్టండి. మౌనం కూడా అలర్టు కావాలి. అలర్టు పంపే యంత్రం, అది గమనించే సర్వర్ మీదే నడవకూడదన్నది మరో సంగతి.

సర్టిఫికెట్లను ఇక చేత్తో మార్చుకోవడం కుదరదు. 2026 మార్చి 15 నుంచి కొత్త సర్టిఫికెట్ల గరిష్ఠ గడువు 200 రోజులు, 2027లో 100, 2029 మార్చి నాటికి 47 రోజులే అని నిర్ణయమైంది. లెట్స్ ఎన్‌క్రిప్ట్ లాంటి సేవతో ఆటోమేటిక్ రెన్యువల్ ఇప్పుడే ఏర్పాటు చేసుకోండి. కొత్తది వచ్చాక వెబ్ సర్వర్ దాన్ని నిజంగా ఎత్తుకుందో లేదో బయటి నుంచి చూడండి.

యంత్రాల అలర్టులు ఎన్ని ఉన్నా, మామూలుగా నడిచే రోజు ఎలా ఉంటుందో మీ కంటికి తెలియాలి. 2024 మార్చిలో ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరు ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్ అర సెకను ఆలస్యం కావడం గమనించాడు. ఎందుకిలా అని తవ్వుకుంటూ పోయి, ఎక్స్‌జెడ్ అనే కంప్రెషన్ లైబ్రరీలో ఎవరో దాచిపెట్టిన దొంగదారిని పట్టుకున్నాడు. అది ప్రధాన లినక్స్ పంపిణీల స్థిర వెర్షన్లలోకి చేరకముందే ఆగింది. వారానికి ఒక్క అరగంట గ్రాఫులు చూడడానికి కేటాయించండి. మామూలు రోజును బాగా ఎరిగినవాడి కంటికే తేడా కనిపిస్తుంది.

6. ఎంటర్ కొట్టే ముందు

2017 ఫిబ్రవరి 28న అమెజాన్‌లో ఒక ఇంజినీరు కొద్ది సర్వర్లను తప్పించబోయి, కమాండ్‌లో ఒక విలువ తప్పుగా ఇచ్చి, చాలా సర్వర్లను తప్పించాడు. ఎస్3 స్టోరేజ్ సేవ దాదాపు నాలుగు గంటలు దెబ్బతింది. దాని మీద నడిచే ఎన్నో సైట్లు ఆగిపోయాయి. ఆ సర్వర్లతో నడిచే ఎస్3 ఉపవ్యవస్థలను పూర్తిగా రీస్టార్ట్ చేయడం ఏళ్ల తరబడి జరగలేదు కాబట్టి అనుకున్నదానికంటే ఎక్కువ సమయం పట్టింది. తర్వాత అమెజాన్ తన టూల్‌నే మార్చింది. సర్వర్లను నెమ్మదిగా మాత్రమే తప్పించేలా, కనీస సంఖ్య కంటే కిందికి పోనివ్వకుండా చేసింది.

అక్కడ నేర్చుకోవాల్సింది ఆ మార్పునే. జాగ్రత్తగా ఉండండని పోస్టరు అంటించడం కంటే, తప్పు చేయడం కష్టమయ్యేలా పరిస్థితిని మార్చడం మేలు. ప్రొడక్షన్ సర్వర్ టెర్మినల్‌కు ఎరుపు రంగు పెట్టండి. ప్రాంప్టులో సర్వర్ పూర్తి పేరు కనిపించేలా చేయండి. చెరిపే కమాండ్‌కు ముందు హోస్ట్‌నేమ్ కొట్టి, వచ్చిన పేరును పైకి చదవండి. ఆర్‌ఎం బదులు ముందు అదే పాత్‌తో ఎల్‌ఎస్ కొట్టి ఏవి పోతాయో చూడండి. డేటాబేస్‌లో డిలీట్ చేసే ముందు అదే షరతుతో సెలెక్ట్ చేసి ఎన్ని వరుసలు వస్తాయో చూసి, ట్రాన్సాక్షన్ మొదలుపెట్టి, సంఖ్య సరిపోతేనే కమిట్ చేయండి. తిరిగి రాని పని చేసేటప్పుడు పక్కన ఇంకొకరుంటే మంచిది. శుక్రవారం సాయంత్రం, సంక్రాంతి సెలవుల ముందురోజు పెద్ద మార్పులు చేయకండి. వికటిస్తే సరిచేయడానికి మనుషులు అందుబాటులో ఉన్న వేళే మార్పుకు మంచి ముహూర్తం.

7. మీరు లేకపోయినా నడిచేలా రాయండి

‘ఆ సర్వర్ సంగతి ఆయనకొక్కడికే తెలుసు’ అనే మాట చాలా ఆఫీసుల్లో పొగడ్తలా వినిపిస్తుంది. ఆ ఒక్కడికి జ్వరమొస్తే సంస్థే మంచాన పడుతుంది. ప్రతి ముఖ్యమైన సేవకూ ఒక పేజీ రాయండి. ఎలా ఆపాలి, ఎలా మొదలుపెట్టాలి, లాగులు ఎక్కడుంటాయి, ఏ క్రమంలో చూడాలి, ఎవరికి ఫోన్ చేయాలి. రాశాక, ఆ సర్వర్ గురించి ఏమీ తెలియని తోటి ఉద్యోగికి ఇచ్చి టెస్ట్ సర్వర్‌లో చేయమనండి. అతను ఎక్కడ ఆగిపోయాడో అక్కడ మీ పేజీలో ఒక మెట్టు తక్కువైంది. ఆ పేజీల ప్రతి ఒకటి ఆ సర్వర్ల బయట కూడా ఉండాలి.

ఏ మార్పు చేసినా తేదీ, వేళ, ఏమిటి, ఎందుకు అని ఒక వరుస రాయడం అలవాటు చేసుకోండి. సర్వర్ల గడియారాలన్నీ ఒకే సమయం చూపాలి, లేకపోతే రెండు సర్వర్ల లాగులు పక్కపక్కన పెట్టి చదవలేరు. ఇది చట్టపరమైన బాధ్యత కూడా. 2022 ఏప్రిల్ 28న కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం మన దేశంలో లాగులు 180 రోజులు భద్రపరచాలి, గడియారాలను నిర్దేశించిన సమయ సర్వర్లతో కలపాలి, నిర్దేశిత రకాల సైబర్ సంఘటనలను గమనించిన ఆరు గంటల్లోగా తెలియజేయాలి. ఎవరికి తెలియజేయాలో, ఎవరు తెలియజేస్తారో ఆరు గంటల గడియారం మొదలయ్యాక వెతుక్కోకూడదు.

ప్రమాదం జరిగాక కూర్చొని రాసే నివేదికలో ‘ఎవరు’ అనే ప్రశ్న కంటే ‘ఎందుకు సాధ్యమైంది’ అనే ప్రశ్న ముందుండాలి. తప్పు చేసినవాణ్ని నలుగురిలో నిలదీస్తే మరుసటిసారి తప్పు ఆగదు, దాన్ని దాచడం మొదలవుతుంది. మీరు టీమ్ లీడర్ అయితే, పొరపాటును వెంటనే చెప్పిన కుర్రాడికి అందరి ముందూ ధన్యవాదాలు చెప్పండి. మీ సర్వర్లకు అంతకు మించిన రక్షణ ఉండదు.

8. మీ నిద్ర కూడా నిర్వహణలో భాగమే

ఈ వృత్తిలో బాగా పనిచేస్తే ఎవరికీ కనిపించదు. సర్వర్ నడిచినన్నాళ్లూ మీరున్నారనే సంగతే ఎవరికీ గుర్తుండదు. అందుకే చాలామంది మంటలు ఆర్పడంలోనే తమ విలువ ఉందనుకుంటారు. రాత్రంతా మేల్కొని సర్వర్ లేపినవాడికి చప్పట్లు, ఆ రాత్రే రాకుండా చూసినవాడికి మౌనం. ఆ మౌనాన్ని మీ విజయంగా స్వీకరించడం నేర్చుకోండి. దాన్ని పైవాళ్లకు అంకెల్లో చూపడమూ నేర్చుకోండి. ఈ త్రైమాసికంలో ఎన్నిసార్లు రీస్టోర్ పరీక్షించాం, ఎన్ని సర్టిఫికెట్లు గడువుకు ముందే మార్చాం, రాత్రి అలర్టులు ఎన్ని తగ్గాయి. ఒక పేజీ నివేదిక చాలు.

ఆన్‌కాల్ బాధ్యత వంతులవారీగా తిరగాలి. రాత్రి మూడింటి దాకా పనిచేసిన మనిషి ఉదయం తొమ్మిదింటికి ప్రొడక్షన్ సర్వర్ ముట్టుకోకూడదు. అలసిన కళ్లకు రెండు సర్వర్ల పేర్లు ఒకేలా కనిపిస్తాయి. ఒకే అలర్టు మూడోసారి నిద్రలేపితే, దాన్ని సరిచేయడమే మర్నాటి మొదటి పని కావాలి.

ఈ నెల అభ్యాసం

మొదటి వారం: సర్వర్ల జాబితా పూర్తిచేయండి. ఖాళీ గడులకు ఎర్రరంగు వేయండి.

రెండో వారం: అతి ముఖ్యమైన ఒక్క సర్వర్ బ్యాకప్‌ను వేరే చోట రీస్టోర్ చేసి, పట్టిన సమయం రాయండి.

మూడో వారం: ఖాతాలు, కీలు పరిశీలించి మానేసినవాళ్లవి తీసేయండి. చెప్పిన ఆరు అలర్టులు పెట్టండి. ఒక్కోదాన్ని కావాలని మోగించి చూడండి.

నాలుగో వారం: ప్యాచ్ తేదీ నిర్ణయించి టెస్ట్ సర్వర్‌తో మొదలుపెట్టండి. ఒక సేవకు ఒక పేజీ రాసి ఇంకొకరితో పరీక్షించండి.

ఈ నాలుగు వారాల్లో ఏదో ఒకటి పనిచేయడం లేదని తప్పక బయటపడుతుంది. దానికి దిగులు పడకండి. పగటిపూట, కాఫీ పక్కన పెట్టుకొని, చేతిలో సమయం ఉండగా మీరు కనిపెట్టిన ప్రతి లోపమూ ఒక ప్రమాదం తప్పించినట్టే. మీ ఆస్పత్రిలో రోగి రిపోర్టు, మీ కాలేజీలో విద్యార్థి మార్కులు, మీ బ్యాంకులో ఎవరో దాచుకున్న డబ్బు లెక్క ఆ సర్వర్ల మీదే ఉన్నాయి. వాళ్లెవరూ మిమ్మల్ని చూడలేదు, అయినా మీ మీద ఆధారపడ్డారు. రేపు ఆఫీసుకు వెళ్లగానే మొదటి వారం పని మొదలుపెట్టండి.